గేటు దగ్గరి కడ్డీ

ఆ చలికాలం చివర మా ఆయన రిటైరవ్వాలి. దసరా వెళ్ళిందో లేదో అటక మీది పెట్టెలన్నీ దింపి దులపడం మొదలుపెట్టారు. ఆయన పేరు రమణబాబు, బిలాస్‌పూర్ లోకో షెడ్డులో సీనియర్ టెక్నీషియను. జనవరి నెలాఖరుకి డ్యూటీ అయిపోతుంది, ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం వెళ్ళిపోవాలి. అక్కడ మా బావగారు తమ ఇంటి మీద మాకోసం ఒక వాటా వేయించి ఉంచారు. మా అమ్మాయి మైత్రి పూణేలో ఉద్యోగం చేసుకుంటోంది, దానికి మేము ఎక్కడున్నా ఒకటే.

"బీరువా హాల్లో పట్టదే సౌభాగ్యం. పడగ్గదిలో పెట్టించాలి," అనేవారు భోజనం దగ్గర.

"అలాగే," అనేదాన్ని.

"ఆ వాటాకి తూర్పు గాలొస్తుంది. ఇక్కడిలాగ ఉడికిపోవక్కర్లేదు."

"అలాగే."

ఆయనకి ఆ ఊరంటే ప్రాణం. కుర్రతనంలో ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, ఇన్నేళ్ళూ సెలవులు దాచుకుని దాచుకుని అక్కడికి వెళ్ళొచ్చిన మనిషి. నాకు అడ్డు చెప్పాలనిపించలేదు. సరేనని సంతోషపడాలనీ అనిపించలేదు. ఎందుకో నేనూ ఆలోచించలేదు.

అలాంటి ఒక ఆదివారం పొద్దున్న, మా క్వార్టరు వెనక రైల్వే కంచె పక్కన ఎవరో గొంతుక్కూర్చుని నేల తవ్వుతూ కనిపించారు. ఇనుపముక్కలు ఏరుకుపోయేవాళ్ళు అప్పుడప్పుడు వస్తూనే ఉంటారు. బట్టలారేసే కర్ర పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి, "క్యా కర్ రహీ హో ఉధర్?" అని, అక్కడేం పనని హిందీలో గట్టిగా కేకేశాను.

ఆ మనిషి ఉలిక్కిపడి తుమ్మకంప మీద చెయ్యి వేసింది. "అయ్యో, సచ్చిన!" అంది.

"తెలుగమ్మాయివేటి నువ్వు?"

"అవునాంటీ. దొంగను కాదు. బ్యాంకుల పని చేస్త," అంది ముల్లు పీక్కుంటూ.

పేరు తనూజ. కరీంనగర్ వైపు పిల్ల. ముప్పై దాటి ఉంటాయి. ఊళ్ళో తెలిపారా అనే పేటలో ఒక గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. లోపలికి పిలిచి, కాళ్ళు కడుక్కోమని, టీ ఇచ్చాను. ఆమె సంచీలోంచి సామానంతా బయటపెట్టింది: తాడుకి కట్టిన అయస్కాంతం, నేలలో గుచ్చి చూసే సన్నటి ఉక్కుచువ్వ, గడ్డి చెక్కే ఖుర్పీ, కొలిచే టేపు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు.

"ఏటమ్మా ఇదంతా?"

"ఒక కడ్డీ దేవులాడుతున్న."

"దేవులాడ్డమేటి?"

"అంటే, వెతుకుడు."

అప్పుడు చెప్పింది. రైలుపట్టాలు వెయ్యాలన్నా, కాలవ తవ్వాలన్నా, వంతెన కట్టాలన్నా నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో ముందు తెలియాలట. అందుకని సర్వేవాళ్ళు అక్కడక్కడ సముద్రమట్టానికి ఎంత ఎత్తో కొలిచి పెట్టిన గుర్తులు నాటుతారు. కొన్ని రాళ్ళు, కొన్ని లోహపు కడ్డీలు. కడ్డీనైతే ఇంక దిగనంటే దిగనన్నంత వరకు భూమిలోకి కొట్టేస్తారు. పైన చిన్న గుండ్రటి తల మాత్రం మిగుల్తుంది. దాని చుట్టూ ఒక గొట్టం, గొట్టం మీద మూత, మూత అంచున చెక్కిన అక్షరాలు. నాటినవాళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత రోడ్లు పెరుగుతాయి, చెత్త పడుతుంది, కడ్డీ అలాగే లోపల ఉండిపోతుంది. అలాంటివాటిని సెలవురోజుల్లో వెతికి, ఉందో లేదో చూసి, ఫోటో తీసి, మళ్ళీ మూసి వచ్చేయడం తనూజకి సరదా. దేశంలో ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకొంతమంది ఉన్నారట. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు.

"తవ్వి తీసుకుపోతారా?"

"అయ్యో, తీయొద్దు! ముట్టుకునుడు కూడా మెల్లగ ముట్టుకోవాలె."

"మరి లాభమేటి?"

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "మూడేండ్లకోసారి ట్రాన్స్‌ఫర్ చేస్తరు ఆంటీ. కొత్త ఊర్ల నాకు ఎవరూ తెల్వదు. గివి దేవులాడుకుంట తిరిగితే ఊరు తొందరగ తెలుస్తది."

ఆ పూట మా ఇంటి వెనక దొరికింది కరెంటు షాకు కొట్టకుండా భూమిలో పాతే ఉత్త ఎర్తింగ్ కడ్డీ. పక్కనే తీగ బిగించిన క్లాంపు కనిపించగానే తనూజ మొహం వేలాడేసింది. సర్వే కడ్డీకి తీగ ఉండదు, అదే మొదటి గుర్తు. రెండోది, దాని తల నున్నగా గుండ్రంగా ఉండాలి, సమ్మెటదెబ్బలకి విచ్చుకుపోయి ఉండకూడదు. మూడోది అయస్కాంతం. పైమూత ఇనుము కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది. లోపలి కడ్డీ తుప్పు పట్టని ఉక్కు కాబట్టి అంటుకోదు. ఇవన్నీ నాకు ఆ ఒక్క పూటలో వచ్చేశాయి. వెళ్ళేటప్పుడు ఆమె ఊరికే మర్యాదకి అడిగినట్టు అడిగింది, "వచ్చే ఆదివారం వస్తరా?" అని.

వస్తానన్నాను.

ఆదివారాలు మా ఇద్దరివీ అయిపోయాయి. ఆమె స్కూటీ వెనక కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, నేను పుట్టి పెరిగిన ఊళ్ళో నేనెప్పుడూ వెళ్ళని సందులన్నీ తిరిగాను. ఒకచోట విరిగిన బోరింగు గొట్టం దొరికింది. ఒకచోట పెళ్ళిపందిరికి కొట్టి మరిచిపోయిన మేకు. ఊరి చివర సిర్గిట్టిలో ఒక గోడౌన్ వెనక అయస్కాంతం టక్కున అంటుకుంటే ఇద్దరం చెమటలు కక్కుతూ తవ్వాం. బయటపడింది పాత రైలుపట్టా ముక్క.

"షెడ్డుకి రండర్రా, ఇనుము కళ్ళు తిరిగేలా చూపిస్తాను," అని నవ్వారు మా ఆయన.

అసలైన కడ్డీ మొదటిసారి అర్పా నది ఒడ్డున, ఒక మూతపడిన బడి ప్రహరీ మూల దొరికింది. చువ్వ గుచ్చుతున్నది నేనే. మెత్తగా దిగుతూ దిగుతూ ఒకచోట ఖంగుమంది. రాయి తగిలితే చెయ్యి జివ్వుమంటుంది. ఇది అలా కాదు, గిన్నె మీద గరిటె తగిలినట్టుంది. మేకలు తోలుకుపోతున్న ఒక ముసలామె ఆగి, "కా ఖోజథవ్ దీదీ?" అని అడిగింది. ఏం వెతుకుతున్నామో నేను ఆమె భాషలోనే చెప్పాను. ఆమె తల అటూ ఇటూ ఊపి, ఈ వయసులో ఇదేం ఆట అన్నట్టు నవ్వుకుంటూ పోయింది.

"మీకు ఛత్తీస్‌గఢీ గింత మంచిగ వస్తదా! మీది ఏ ఊరక్కా?" అంది తనూజ. అప్పటికి ఆంటీ పోయి అక్క వచ్చింది.

"గరివిడి దగ్గర."

"చిన్నప్పుడు ఆడనే ఉన్నరా?"

"లేదు. పుట్టింది ఇక్కడే, మన రైల్వే హాస్పిటల్లో. అక్కడికి పెళ్ళిళ్ళకి రెండుమూడు సార్లు వెళ్ళేను."

తనూజ ఖుర్పీతో తవ్వి మూత తీసింది. మట్టి తుడిచి, మూత అంచున అక్షరాలు నాకు వేలితో తడిమి చూపించింది. ఆ కడ్డీ తల చల్లగా, బఠాణీ గింజంత నున్నగా ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆ స్పర్శ వేలికొసన ఉన్నట్టే అనిపించింది.

కార్తీకమాసం వెళ్ళేసరికి మా ఆయనకి ఈ తిరుగుళ్ళు కొంచెం కష్టంగానే ఉన్నాయి. ఒక ఆదివారం మా తోటికోడలు అక్కడి వాటాకి రంగులేం వెయ్యాలో అడగడానికి వీడియోకాల్ చేసింది. నేను ఇంట్లో లేను. సాయంత్రం నేను చెప్పులకంటిన మట్టి దులుపుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వదిన ఎంతసేపు చూసిందో తెలుసా? గోడలకి ఏ రంగైతే బాగుంటుందో నువ్వే చెప్పాలని."

"ఏదైనా పర్లేదండీ. తెలుపు వేయించెయ్యమనండి."

"ఎల్లిపోయే ఊళ్ళో ఇప్పుడు కొత్తగా ఈ తిరుగుళ్ళేటే?"

"ఎల్లిపోయే ఊరు మీకు," అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియలేదు. అనేశాక నాకే భయమేసింది. ఆయన విన్నారో లేదో కూడా పోల్చుకోలేకపోయాను. కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నారు. ఆ వారమంతా అన్నం వడ్డించమని, మజ్జిగ చాలని, అంతకుమించి మా మధ్య మాటల్లేవు. అటక మీంచి దింపిన పెట్టెలు హాల్లో గోడవారగా, ఒకదాని మీద ఒకటి, అలాగే ఉన్నాయి.

ఆ మౌనం పోగొట్టింది ఆయనే. తనూజ ఒక కడ్డీ గురించి చాలా రోజులుగా మథనపడుతోంది. సిర్గిట్టి దాటాక ఒక లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర నాటిన కడ్డీ అది. పాత సర్వే పట్టికలో గేటు నంబరుంది, గేట్‌మన్ ఇంటి బావి నుంచి కొలత ఉంది, రోడ్డు నుంచి కొలత ఉంది. కానీ గేటు లేదు, ఇల్లు లేదు, బావి లేదు. ఓవర్‌బ్రిడ్జి కట్టినప్పుడు అన్నీ పోయాయి. రోడ్డు కూడా పక్కకి జరిగింది. కొలతలున్నాయి గానీ దేని నుంచి కొలవాలో అది లేదు. గ్రూపులో ఇద్దరు ముగ్గురు వచ్చి వెతికి, దొరకలేదని రాసి వెళ్ళారట. ఆ సంగతి ఆమె మా వంటింట్లో పెసరట్టు తింటూ చెబుతుంటే, ఆయన హాల్లోంచి అడిగారు.

"గేటు నంబరెంత అన్నావమ్మా?"

తనూజ చెప్పింది.

ఆయన లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు. "ఏటే, అది మీ నాన్న కాసిన గేటు కాదూ?"

"నాకేటి తెలుసు? మేము వేపచెట్టు గేటు అనేవాళ్ళం. నంబరు నాకెప్పుడూ తెలీదు."

"పెళ్ళిచూపుల్నాడు మీ నాన్న నాకు చెప్పేడు కదా. తన పేరు సూర్యం అని చెప్పేడు, ఆ తర్వాత తన మొదటి గేటు నంబరు చెప్పేడు, ఊరు పేరు ఆ తర్వాత చెప్పేడు. నేను మర్చిపోలేదు."

నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీద అట్టు మాడిపోయింది. ఎప్పుడో నాలుగో తరగతిలో ఉండగా నాన్నకి వేరే గేటుకి బదిలీ అయింది. ఆ తర్వాత ఆ చోటికి నేను మళ్ళీ వెళ్ళలేదు. బ్రిడ్జి మీంచి ఆటోలో వందలసార్లు వెళ్ళి ఉంటాను, కిందికి తొంగి కూడా చూడలేదు. ఇప్పుడు మాత్రం ఒక్కసారిగా ఒకటి కళ్ళ ముందుకి వచ్చింది. మండుటెండ. మూడుకాళ్ళ మీద నిలబెట్టిన యంత్రం. దాని పక్కన ఒకతను పెద్ద నల్లగొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తను ఎండలో ఉండి, గొడుగు యంత్రానికి పట్టాడు.

"అమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది," అన్నాను. "యంత్రానికి గొడుగేటని నేనడిగేను. వాళ్ళు నవ్వేరు. తర్వాత అక్కడ ఒక గొట్టం పాతేరు. అమ్మ దానికి మేకని కట్టేసేది. సర్కారుది, కట్టకు అని నాన్న తిట్టేవాడు."

తనూజ ప్లేటు పక్కన పెట్టేసింది. "ఎండ తగిలితే యంత్రంల నీటిబుడగ కదుల్తది అక్కా. గందుకే గొడుగు." ఆమె లేచి నిలబడింది. "అక్కా, మీరు ఆ కడ్డీని చూసిండ్రు!"

"చూసుంటాను. మేకనైతే బాగా గుర్తుంది."

"నేనూ వస్తాను," అన్నారు మా ఆయన. "నాకు రెస్టు ఉన్నరోజు పెట్టండి."

వెళ్ళిన రోజు పొద్దున్న మంచు తెరలాగా ఉంది. బ్రిడ్జి కింద అంతా లారీలు. డ్రైవర్లు పళ్ళు తోముకుంటున్నారు, ఒక పక్క టీ బండి, ఇంకో పక్క టైర్లకి పంచర్లు వేసే షాపు. నేల నూనెతో నల్లబడిపోయింది. ఇక్కడే నా ఇల్లుండేదని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. వేపచెట్టు లేదు, దాని మోడు కూడా లేదు. అప్పుడు రెండే పట్టాల దారులు, ఇప్పుడు ఇంకా రెండు చేరాయి. అటు తిరిగాను, ఇటు తిరిగాను. ఏదీ నన్ను గుర్తుపట్టలేదు.

"పోనీలే అక్కా, ఇంకోసారి వద్దాం," అంది తనూజ నా మొహం చూసి.

"ఉండమ్మా," అని కంచె దాకా నడిచాను. అక్కడి నుంచి పట్టాల కట్ట కింద నీళ్ళు పోయే మోరీ ఒకటి కనిపించింది. కొత్త పట్టాల కోసం దాన్ని సిమెంటుతో పొడిగించారు, కానీ లోపలి భాగం పాత ఎర్రరాయే. వానాకాలంలో అమ్మ బట్టలుతకడానికి అక్కడికే వచ్చేది. తడిబట్టల బకెట్టు ఆవిడ మోసేది, సబ్బుపెట్టె నేను పట్టుకునేదాన్ని. మోరీ నుంచి నేరుగా ఎదురెండలో నడిస్తే ఇల్లు. పొద్దున్నపూట కళ్ళు చిట్లించుకుంటూ నడిచేవాళ్ళం.

మంచు విడి పైకొచ్చిన సూర్యుడి వైపు మొహం పెట్టి నడిచాను. వెనక వాళ్ళిద్దరూ మాట్లాడకుండా వస్తున్నారు. ఇల్లెంత దూరమో తెలియదు. అప్పటి నా అడుగులెంతవి, ఇప్పటి నా అడుగులెంతవి? రెండు లారీల మధ్యకి వచ్చేసరికి టైర్ల షాపు యజమాని సాహు కేకేశాడు.

"ఉధర్ సంభల్‌కే దీదీ, గడ్ఢా హై!"

గొయ్యి ఉంది జాగ్రత్త అన్నాడు. చూస్తే నిజంగానే అక్కడ నేల గుండ్రంగా కిందికి కుంగి ఉంది. ఇటుకముక్కలు, పాత టైర్లు వేసి పూడ్చారు. ఎన్నిసార్లు పూడ్చినా వానాకాలం వచ్చేసరికి మళ్ళీ కుంగిపోతుందట, లారీ చక్రాలు దిగబడిపోతాయట. అందుకే ఆ కాస్త జాగాలో ఎవరూ బండి ఆపరు. ఇక్కడేదో శాపం ఉందని డ్రైవర్లు అనుకుంటారని సాహు చెప్పి నవ్వాడు.

"శాపం కాదు," అన్నాను. "బావి. ఇది మా బావి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తనూజ అప్పటికే టేపు తీసి మా ఆయన చేతికి ఒక కొస ఇచ్చేసింది. కుంగిన గుంట నడిమధ్య ఆయన్ని నిలబెట్టి, నేను చెప్పిన వైపు, పాత రోడ్డు పోయేవైపు, టేపు లాక్కుంటూ వెళ్ళింది. ఆగినచోట ఖుర్పీతో గీత గీసి, అయస్కాంతం వదిలింది. ఏమీ లేదు. కొంచెం పక్కకి. ఏమీ లేదు. ఇంకొంచెం ఇటు. తాడు బిగిసి, అయస్కాంతం నేలకి అతుక్కుపోయింది.

ముగ్గురం తవ్వాం. సాహు కూడా గడ్డపార పట్టుకొచ్చాడు గానీ తనూజ దాన్ని దగ్గరికి రానివ్వలేదు. నూనె తాగి రాయిలా గట్టిపడిన మట్టి. జానెడు లోతున మూత కనిపించింది. ఏ లారీ ఎక్కిందో, ఒక పక్క నొక్కుకుపోయింది. దాన్ని మెల్లగా ఎత్తి, గొట్టంలోని మట్టిని బ్రష్షుతో, వేళ్ళతో తీసింది. అడుగున కడ్డీ తల ఉంది. అయస్కాంతం ఆనించి చూసింది. అంటుకోలేదు. చున్నీ కొసతో తుడిస్తే తళుక్కుమంది. మూత అంచున అక్షరాలు సగం చెరిగిపోయాయి, అయినా ఆమె ఒక్కొక్కటే తడిమి, పైకి చదివి, ఆ మట్టిలోనే చతికిలబడిపోయింది.

"ఉన్నదక్కా. చెక్కుచెదరలె," అంది. కళ్ళు తుడుచుకుంటే నుదుటిమీద నల్లటి మరక పడింది.

నేను మాత్రం కడ్డీని కాసేపే చూశాను. అది దొరికాక మిగతావన్నీ వాటంతట అవే లేచి నిలబడ్డాయి. బావి అక్కడైతే, కడ్డీ ఇక్కడైతే, గేటు అదిగో ఆ ట్యాంకరున్న చోట. నాన్న జెండాలు పట్టుకుని నిలబడేది దాని పక్కన. నాన్న డ్యూటీలో ఉంటే మేము గట్టిగా మాట్లాడుకోకూడదు. ఇది వీధిగది. ఇక్కడ నులకమంచం. దీని వెనక వంటిల్లు.

"రైలొచ్చినప్పుడల్లా గిన్నెలు గలగలమనేవి," అన్నాను. "అమ్మ చెయ్యి అడ్డం పెట్టేది, మళ్ళీ తీసేది. పొయ్యి మూలకుండేది. అదిగో, మీరు నిలబడ్డచోట."

మా ఆయన గబుక్కున పక్కకి జరిగారు, నిజంగా పొయ్యి మీద కాలు పడ్డట్టు. జరిగి, ఆ చోటుకేసి చూస్తూ నిలబడిపోయారు. ఆ నూనెమట్టిలో చూడ్డానికేమీ లేదు.

మూత మళ్ళీ పెట్టి, మట్టి కప్పేశాం. సాహు తనంతట తానే ఒక అరిగిన టైరు దొర్లించుకొచ్చి దాని చుట్టూ పడేశాడు, బండ్లు ఎక్కకుండా. టీ బండి దగ్గర కూర్చున్నాం. తనూజ ఫోన్లో ఫోటోలు పంపుతూ తనలో తనే నవ్వుకుంటోంది. నా వెనక మా ఆయన సాహుతో హిందీలో మాట్లాడుతున్నారు. ముందు టైర్ల గురించి. తర్వాత, అక్కడికి దగ్గర్లోని తిఫ్రాలో ఇళ్ళ అద్దెలు ఎలా ఉంటాయని అడిగారు. ఇద్దరికి సరిపోయే చిన్న ఇల్లు.

నేను వెనక్కి తిరగలేదు. టీ తాగాను.

తిరిగొచ్చేటప్పుడు ఆయన స్కూటర్ మీద ఎక్కాను. బ్రిడ్జి మీదికి వచ్చాక ఆయన బండి బాగా నెమ్మది చేశారు. వెనక లారీ హారన్ కొడుతున్నా పట్టించుకోలేదు. నేను కిందికి చూశాను.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు ఆయన హాల్లో పెట్టెల మీద కూర్చుని సాక్సులు వేసుకుంటున్నారు. ఒకటి వేసుకుని రెండోది చేతిలోనే పట్టుకుని, "నాకు అక్కడ ఉండాలని ఉందే," అన్నారు.

"తెలుసు."

"ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ డ్యూటీ చేసేను. నీకు లేదని నాకు తెలీదు."

"నాకూ నిన్ననే తెలిసిందండీ."

ఆయన నవ్వబోయి ఊరుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, కానీ అది ఏడ్చేంత కష్టం కాదు. ఇద్దరికీ చెరో ఊరు ఉందని ఇన్నేళ్ళకి తెలిసింది, అంతే. ఎవరిదీ తప్పు కాదు.

"మరేటి చేద్దాం?" అన్నారు.

"రైల్వే పాసులున్నాయి కదా. మీరు వెళ్ళండి, రండి. మీకెంత బాగుంటే అన్నాళ్ళు ఉండండి. నేను ఇక్కడుంటాను."

"ఒక్కర్తివీనా?"

"ఒక్కర్తినెందుకు? ఊరు ఊరంతా ఉంది."

రెండో సాక్సు వేసుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆ వారంలో ఎప్పుడో అన్నగారికి ఫోన్ చేశారు. నేను పెరట్లో ఉన్నాను, కిటికీలోంచి వినబడింది. వాటా ఉంచు అన్నయ్యా, నేను వస్తూ పోతూ ఉంటాను అన్నారు. అటుపక్క ఏదో గట్టిగా అడిగినట్టున్నారు.

"లేదు లేదు, గొడవేం లేదు. సౌభాగ్యానికి ఇక్కడ పని ఉంది అన్నయ్యా," అన్నారు. మళ్ళీ అడిగారేమో, "ఉందిలే. పెద్ద పనే," అన్నారు.

జనవరి ఆఖర్న షెడ్డువాళ్ళు ఆయన మెడ నిండా బంతిపూల దండలు వేసి, డప్పులు కొట్టుకుంటూ క్వార్టరు దాకా తీసుకొచ్చారు. ఆయన ఆ దండల్లో మొహం దాచుకుని ఏడ్చారు. హాల్లోని పెట్టెల్ని ఒక మినీలారీలో వేసుకుని తిఫ్రా వెళ్ళాం. రెండు గదులు, ముందు కాస్త వరండా. మొదటి కొద్ది రోజులు ఆయనకి కాలూ చెయ్యీ ఆడలేదు. షిఫ్టు టైముకి లేచి కూర్చునేవారు, వరండాలో అటూ ఇటూ తిరిగేవారు, వీధిలో పోయే ప్రతివాడితోనూ మాట కలిపేవారు. ఆయన్ని అలా చూస్తుంటే నేనే అన్యాయం చేశానేమో అనిపించేది. శివరాత్రి రాకముందే ఆయన బట్టలు నేనే సర్ది, స్టేషన్‌కి వెళ్ళి విజయనగరం బండి ఎక్కించాను. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడ్డాను. మళ్ళీ వస్తారా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయనకక్కడ అంత బాగుంటే వద్దనడానికి నేనెవరిని?

అక్కడి నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. ఆయన గొంతులో నేనెప్పుడూ వినని హుషారు. చిన్నప్పటి స్నేహితులు పోగయ్యారట. పొద్దున్నే చెరువుగట్టు మీద నడకట, చింతపల్లి బీచికి వెళ్ళారట. ఆ హుషారు విని సంతోషపడేదాన్ని, ఫోన్ పెట్టేశాక ఒక్కదానికి ఎంత వండాలో తోచేది కాదు. ఆదివారాలు తనూజతో వెళ్ళేదాన్ని. రాయగఢ్ దారిలో మరో కడ్డీ దొరికింది. ఇంకో రెండు దొరకలేదు.

అనుకున్న నెల పూర్తిగా గడిచాక ఆయన వచ్చారు. ఎండకి నల్లబడ్డారు, కాస్త ఒళ్ళు చేశారు. సంచీ నిండా మామిడితాండ్ర, ఎండుచేపలు. సంచీ దింపి, మంచినీళ్ళు తాగి, వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉగాదికి నువ్వూ రావాలే. వదిన మరీమరీ చెప్పింది," అన్నారు.

నేను సంచీలోంచి తాండ్ర తీస్తూ ఆగిపోయాను. రమ్మనడం మామూలుగానే ఉంది. కానీ వెళ్తే, అక్కడ అందరూ చుట్టూ చేరి, ఇంక ఉండిపొమ్మంటే? ఆయన మొహంలో ఆ కళ చూస్తూ నేను కాదనగలనా? తాండ్ర పళ్ళెంలో పెడుతూ, "చూద్దాం," అన్నాను.

ఆయన చొక్కాజేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నాకిచ్చారు. "తిరుగు ప్రయాణం టికెట్టే ముందు చేయించేసేను. పండగరోజులు కదా, తర్వాత దొరకదు. వెళ్ళేదానికి ఇంకా చేయించాలి."

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. విజయనగరం నుంచి బిలాస్‌పూర్. కింద నా పేరుంది. దాని కింద ఆయన పేరు కూడా ఉంది.